హనుమంతుని సంశయము – మన మనశ్శాంతి

మనుష్యునకు బయటి శత్రువులకంటె లోపలి శత్రువు బలవంతుడు. “ఇది నావలన అగునా? నేను చేసినది పొరపాటు కాదు గదా?” అను శంక మనస్సున ప్రవేశించినచో ఎంతటి సమర్థునకైనను కాలు చేయి ఆడదు. ఈ శంకనుండి మనశ్శాంతిని కాపాడుకొను మార్గమును మన పెద్దలు కథారూపమున బోధించిరి. వాల్మీకి రామాయణమునందలి సుందరకాండము అట్టి కథలలో మిన్న. దానిని పారాయణము చేయునపుడు మనము హనుమంతుని బలమును కొనియాడుదుమే గాని, ఆతని సంశయములను అంతగా గమనింపము. తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపదగినవి అవియే.

హనుమంతునకు సంశయమా యని ఆశ్చర్యపడవలదు. ఆతడు లంకలో లతాగృహములు, చిత్రశాలలు, రావణుని అంతఃపురము అన్నియు వెదకెను. సీత కానరాలేదు. 12వ సర్గలో, ఆమె మరణించియుండునని తలచి కుంగిపోయెను. దిగులు చెందకుండుటయే కార్యసిద్ధికి ఆధారమని తనకు తానే చెప్పుకొని మరల వెదకెను. అయినను 13వ సర్గలో ఆ శంకయే మునుపటికంటె బలముగా తిరిగి వచ్చినది. “నేను రిక్తహస్తములతో మరలినచో రాముడు జీవింపడు, రాముడు లేనిదే లక్ష్మణుడు జీవింపడు, పిమ్మట భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరకులమంతయు నశించును” అని తలపోసి, తాను తిరిగి పోకుండుటయే మేలని, ప్రాణత్యాగమునకు సైతము ఆలోచించెను.

ఇచట ఒక విషయమును విడదీసి చూడవలెను. వాస్తవముగా జరిగినది ఒక్కటియే: సీత ఇంకను కనబడలేదు. తక్కినదంతయు శంక అల్లిన గొలుసు. శంక యొక్క స్వభావమే అది. ఒక చిన్న నిజమును పట్టుకొని, దానికి పది ఊహలను తగిలించి, పదియు నిజములే యని నమ్మించును.

ఆ గొలుసును హనుమంతుడు ఎట్లు తెంచెను? జీవించియున్నవాడే శుభములను పొందగలడని మొదట తలచెను. తరువాత తాను వెదకని స్థలము ఏదైన మిగిలియున్నదా యని చూడగా, అశోకవనము కంటబడినది. అంతట రామలక్ష్మణులకు, సీతకు, రుద్రేంద్రాది దేవతలకు, సూర్యచంద్రులకు నమస్కరించి ఆ వనమునకు పోయెను. తానింకను చూడని సీతకు సైతము నమస్కరించెను! కనబడిన పిమ్మట నమ్ముట ఎవరికైనను సాధ్యమే. కనబడక పూర్వమే నమ్ముట విశ్వాసము. అయితే నమస్కరించి ఊరకుండలేదు, లేచి వెదకెను. విశ్వాసము ప్రయత్నమునకు బదులు కాదు, దానికి ఊపిరి.

శంక అంతటితో విడిచిపోలేదు. లంకాదహనము పిమ్మట, 55వ సర్గలో, ఆ మంటలలో సీతయు దగ్ధమైనదేమో యని మరల తల్లడిల్లెను. ఆమె తేజస్సే ఆమెను కాపాడునని ఆలోచించుకొని, చారణుల మాటలు విని ఊరడిల్లెను. కావున మనశ్శాంతి ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొను సొత్తు కాదు. పైరును కాచినట్లు దినదినము కాచుకొనవలసినది.

ఇక మన సంగతి. అన్యభాషా ప్రాంతమున నివసించు తెలుగు తల్లిదండ్రుల మనస్సులలో ఒక శంక తరచు మెదలుచుండును: “బిడ్డను తెలుగు బడిలో చేర్చి వాని భవిష్యత్తునకు కీడు చేసితిమా?” భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350–ఎ అధికరణము చేర్చబడినది. చట్టము అవకాశమును చూపగలదు గాని, మనశ్శాంతిని ఈయజాలదు.

సుందరకాండము 30వ సర్గలో హనుమంతుడు సీతతో ఏ భాషలో మాటలాడవలెనని యోచించును. పండితునివలె సంస్కృతమున పలికినచో రావణుడనుకొని ఆమె భయపడునని, సామాన్య మనుష్యుల భాషనే ఎన్నుకొనెను. బెదరిన మనస్సునకు ధైర్యము చెప్పవలెనన్న, దానికి చేరువైన మాటయే కావలెను. మన పిల్లలకు అట్టి మాట ఇంటి తెలుగు. అట్లని స్థానిక భాషను, ఇంగ్లీషును అలక్ష్యము చేయరాదు. అవి మనము వెదకవలసిన అశోకవనములు. బిడ్డకు ఒక పరీక్షలో మార్కులు తగ్గినచో నిజము అంతవరకే. వాని జీవితమే చెడినదనుట గొలుసు. ఏ పాఠము రాలేదో కనుగొని ఆ పాఠమును చదివింపుడు.

సముద్రతీరమున మౌనముగా కూర్చుండిన హనుమంతునకు ఆతని శక్తిని జ్ఞాపకము చేసినవాడు వృద్ధుడగు జాంబవంతుడు. మన ఇండ్లలో ఆ పని తల్లిదండ్రులది. దిగులు నిండిన మన ముఖమును చూచి బిడ్డ దిగులును నేర్చును. నెమ్మదిని చూచి నెమ్మదిని నేర్చును. సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట, ఏ మతమువారైనను తమ ప్రార్థన ముగించుకొని, బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు వేయుడు: నేడు జరిగినదేమి? మనము ఊహించుకొన్నదేమి? రేపు చేయవలసినదేమి? మొదటిదానిని ఒప్పుకొని, రెండవదానిని దైవమునకు విడిచి, మూడవదానికి సిద్ధపడుడు.

ఇట్టి విశ్వాసమును, శాంతిని భగవంతుడు మన గృహములన్నిటికిని ప్రసాదించుగాక యని ప్రార్థించుచున్నాను.