బండి అమ్మిన తర్వాత వచ్చే ఫోన్

పదిహేనేళ్ళ కిందట నగరిలో పాత కారు అమ్మాలంటే ఒక బ్రోకరును పట్టుకోవలసిందే. ఆయన కమీషన్ తీసుకునేవాడు, ధర విషయంలో రెండు పక్కలా రెండు మాటలు చెప్పేవాడు, అదీ నిజమే. అయితే అమ్మిన తర్వాత తగాదా వస్తే మధ్యలో నిలబడడానికి ఆయనొకడు ఉండేవాడు. ఇప్పుడు నాలుగు ఫోటోలు తీసి ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెడితే, సాయంత్రానికి పుత్తూరు నుంచి ఒకరు, తిరుత్తణి నుంచి ఒకరు, చెన్నై నుంచి మరొకరు ఫోన్ చేస్తారు. కమీషన్ మిగిలింది, మధ్యవర్తి పోయాడు. వారం తిరక్కుండా కొన్నాయన కోపంగా ఫోన్ చేస్తే ఆ మాటలన్నీ అమ్మినాయనే పడాలి.

ఆ ఫోన్‌కు ఏం జవాబు చెప్పాలన్నదే ఈ పాఠం. ఈ సంచిక చదివేవారిలో నాలుగైదేళ్ళకోసారి కారు మార్చేవారు ఉన్నారు, మెకానిక్ షెడ్లు నడిపేవారు ఉన్నారు, పాత బండ్లు కొని అమ్మే పిల్లలున్న ఇళ్ళూ ఉన్నాయి. ఎవరికైనా ఈ ఫోన్ రావచ్చు.

మన ప్రాంతంలో అది ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే. కొత్తగా కొన్న బండికి మొదటి పెద్ద ప్రయాణం చాలామందికి తిరుమల ఘాటే. ఊళ్ళో ఆరు నెలలు తిరిగినా బయటపడని రోగం ఘాటు రోడ్డులో అరగంటలో బయటపడుతుంది. రేడియేటరు సన్నగా కారుతున్నా, హెడ్ గ్యాస్కెట్ బలహీనంగా ఉన్నా, క్లచ్ ప్లేటు అరిగిపోయినా అక్కడ దాగదు. "ఏం సార్, బండి బాగుందని చెప్పి ఇచ్చేస్తిరే, ఘాటెక్కేసరికి పొగలొచ్చె. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు రోడ్డు మీద నిలబడినారు" అంటాడు. ఆ మాటలో లెక్క కంటే అవమానం ఎక్కువ. ఇంటివాళ్ళ ముందు మోసపోయినట్టు కనిపించడం మనిషికి డబ్బు పోవడం కంటే బాధ. దీనికి జవాబుగా "చూసుకొనే కదా తీసుకుపోయినావు" అన్నారంటే, మాట నిజమే అయినా తగాదా అక్కడే మొదలవుతుంది. ఫోన్ ఆపేసుకుంటే ఇంకా చెడ్డది. దోషం లేనివాడు కూడా దోషిలా కనిపిస్తాడు.

మా తరగతిలో పిల్లలకు మేము చెప్పేది, మొదట పరిస్థితి అడగమని. "కోపం తర్వాత పడదువు గానీ నాయనా, ముందు బండి ఎక్కడుందో చెప్పు. ఇంజను ఆపేసినావా? టెంపరేచర్ ముల్లు ఎంత చూపించింది? కూలెంట్ డబ్బాలో నీళ్ళున్నాయా? వేడి మీద మూత తియ్యొద్దు." ఈ నాలుగు ప్రశ్నలతో అవతలి గొంతు సగం దిగుతుంది. పైగా అప్పుడు తెలుసుకున్న వివరాలే రేపు నిజం తేల్చడానికి పనికొస్తాయి. తర్వాత ఇద్దరూ ఒప్పుకున్న మూడో మెకానిక్ దగ్గర చూపించాలి. అమ్మినాయన మెకానిక్కూ వద్దు, కొన్నాయన బావమరిది షెడ్డూ వద్దు. ఆ మెకానిక్ చెప్పేదాకా డబ్బు మాట ఎత్తకూడదు.

మెకానిక్ చెప్పిన తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. అది "ఎవరిది తప్పు" అన్న ప్రశ్న కాదు. అమ్మిన రోజున అమ్మినాయనకు ఏం తెలుసు అన్నదే ప్రశ్న. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మనకు గుర్తే. వీధులు ఏరులయ్యాయి, కార్లు నీళ్ళలో నిలిచిపోయాయి. 2015 డిసెంబరులో చెన్నై వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను కూడా అంతే. ఇలాంటి ప్రతి వరద తర్వాత మునిగిన బండ్లలో కొన్ని తుడిచి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మకానికి వస్తాయి. చెన్నైకి ఇంత దగ్గరగా ఉన్న మనకు ఇది దూరపు సంగతి కాదు. నీట మునిగిన కారు మొదట్లో బాగానే నడుస్తుంది. ఆరు నెలలకు వైర్ల కనెక్షన్లలో పచ్చని తుప్పు, తర్వాత ఒక్కొక్క సెన్సారూ పోవడం. (కొనేవారికి ఒక మాట: సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగి చూడండి. నీళ్ళు నిలిచిన గీత అక్కడ కనబడుతుంది. స్టెప్నీ కింద, సీటు పట్టాల మూలల్లో ఒండ్రు మట్టి మిగులుతుంది. బండి కడిగేవాడు అక్కడిదాకా పోడు.)

అలాంటి బండి సంగతి తెలిసే అమ్మిన వ్యక్తి "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను, సంతకం పెట్టించుకున్నాను" అంటే సరిపోతుందా? సరిపోదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ తెలిసిన సంగతిని పనిగట్టుకుని కప్పిపుచ్చడాన్ని మోసం అంటుంది. 19వ సెక్షన్ అలా మోసపోయినవాడికి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఇస్తుంది. ఊరికే మౌనంగా ఉండడం అన్ని సందర్భాల్లోనూ మోసం కాదని కూడా ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి "అడగలేదు, చెప్పలేదు" అనేవాడు కోర్టులో ఒక్కోసారి గట్టెక్కవచ్చు. నీటి గీత ఉన్న బెల్టు మార్చి, మీటరు వెనక్కి తిప్పి అమ్మినవాడు మౌనంగా ఉన్నవాడు కాదు. అతను బండి చేత అబద్ధం చెప్పించాడు.

మన ధర్మం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే వేళ్ళకు తడి తగిలిన సంఘటన మనలో చాలామందికి తెలుసు. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. వాన అతని తప్పు కాదు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదన్నదే ప్రవక్త (స) అడిగిన ప్రశ్న. కారుకు కూడా ఇదే కొలత. ఇంజను పాతబడడం మీ నేరం కాదు, తడి గింజలు కింద పెట్టడమే నేరం. లోపమున్న సరుకును తిప్పి ఇచ్చే హక్కును ఫిఖహ్‌లో 'ఖియారుల్ ఐబ్' అంటారు. "ఏ లోపానికీ బాధ్యత లేదు" అని ముందే షరతు పెట్టి అమ్మితే అది ఎంతవరకు చెల్లుతుందన్న విషయంలో పండితుల మధ్య భేదాలున్నాయి. తెలిసి దాచడం పాపమన్న విషయంలో భేదం లేదు. అందుచేత అమ్మినాయనకు తెలిసిన లోపమే బయటపడితే బేరం ఆడకుండా బండి వెనక్కి తీసుకోవాలి, లేదా కొన్నాయన ఒప్పుకునే మేరకు ధర తగ్గించి తిరిగి ఇవ్వాలి.

ఎక్కువ ఫోన్లు మాత్రం ఇలాంటివి కావు. ఇద్దరికీ తెలియని లోపాలే ఎక్కువ. పదేళ్ళ బండికి ఏ.సి. కంప్రెసరు ఈ నెల పోతుందో వచ్చే సంవత్సరం పోతుందో ఎవరికి తెలుసు? ఇక్కడ చట్టం అమ్మినాయన వైపే మొగ్గుతుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సరుకు నాణ్యతకు చెప్పకుండానే హామీ ఉన్నట్టు భావించేది ముఖ్యంగా ఆ సరుకు వ్యాపారం చేసేవారి విషయంలో. సొంత కారు ఒక్కటి అమ్ముకున్న ఉపాధ్యాయుడికో నేత కార్మికుడికో ఆ బరువు లేదు. పాత బండ్ల వ్యాపారం చేసే మన పిల్లలకు ఉంది, వాళ్ళు ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి.

అయితే చట్టం వదిలిన చోట మర్యాద మొదలవుతుంది. అమ్మిన వారంలోనే పెద్ద ఖర్చు వస్తే, ఇద్దరికీ తెలియనిదైనా, మరమ్మతులో కొంత భరించడం మంచిదని మా అభిప్రాయం. ఎంత అన్నది బండి ధరను బట్టి, మన స్థితిని బట్టి ఉంటుంది. పశ్చాత్తాపపడిన కొనుగోలుదారు కోరితే అమ్మకాన్ని రద్దు చేసుకోవడాన్ని ఇఖాలా అంటారు. అది విధి కాదు, పుణ్యం. పుణ్యం చేయలేనివాణ్ణి అపరాధి అనకూడదు. అమ్మిన డబ్బు అప్పటికే కూతురి ఫీజుకో ఆస్పత్రికో పోయి ఉండవచ్చు.

కొన్నాయన చేతిలో వచ్చిన దెబ్బ వేరు. పదిహేను రోజులు టాక్సీగా తిప్పి, బంపరు పగలగొట్టుకుని, అప్పుడు పాత లోపం పేరు చెప్పి బండి మొత్తం తీసుకోమంటే కుదరదు. హనఫీ ఫిఖహ్ కూడా అదే చెబుతుంది. కొన్నవాడి దగ్గర కొత్త లోపం చేరితే, అమ్మినవాడు ఒప్పుకుంటే తప్ప సరుకు తిప్పి ఇవ్వలేడు, పాత లోపానికి తగ్గ ధర వ్యత్యాసం మాత్రం అడగవచ్చు. న్యాయంగా ఉంది. అలాంటివారికి "కాదు" అనాల్సి వస్తే ఒక్కసారే, మెత్తగా, స్పష్టంగా అనాలి. "చూద్దాంలే" అనడం మన వాళ్ళకు అలవాటు. ఆ మాటను అవతలివాడు సగం ఒప్పుకోలుగా తీసుకుని నెలల తరబడి తిరుగుతాడు. బెదిరింపులు మొదలైతే ఫోన్‌లో జవాబివ్వకుండా మెసేజ్‌లోనే మాట్లాడాలి, పెద్దమనుషుల దగ్గర కూర్చోవాలి. అక్కడా తెగకపోతే న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. 1987 చట్టం కింద ఏర్పడిన సంస్థలవి, కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తాయి.

ఇంత ఎందుకు, తెలిసిన లోపాలు ముందే చెబితే ధర పడిపోదా అని పిల్లలు అడుగుతారు. పడుతుంది. జార్జి ఏకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు, 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆయన చెప్పింది ఇది: ఏది మంచి బండో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నింటికీ మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, వెళ్ళిపోతాడు. చివరికి బజారులో చెత్త బండ్లే మిగులుతాయి. లోపాలు రాసి, సర్వీసు బిల్లులు ముందు పెట్టి అమ్మేవాడికి వెయ్యో రెండు వేలో తగ్గినా, ఆ కాగితం మీద కొన్నాయన సంతకం ఉంటే తర్వాత ఫోన్ రాదు, వచ్చినా చూపించడానికి ఒకటి ఉంటుంది. సూరా బఖరా 282వ వచనం లావాదేవీలు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తున్న సంగతి గుర్తుండే ఉంటుంది.

చివరగా అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి. తగాదా నడుస్తున్నప్పుడు చాలామంది ఆర్.సి. మార్పిడి కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. "డబ్బు తేలేదాకా సంతకం పెట్టను" అని అమ్మినాయన, "బండి బాగు చేసేదాకా పేరు మార్చుకోను" అని కొన్నాయన. ఇద్దరికీ నష్టమే, అమ్మినాయనకు ఎక్కువ. నవీన్ కుమార్ - విజయ్ కుమార్ కేసులో కారు చేతులు మారుతూ పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి యజమాని పేరునే ఉండిపోయింది. 2009లో ప్రమాదం జరిగింది. ఎప్పుడో అమ్మేశానన్నా, రికార్డులో పేరున్నవాడే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది.

కాబట్టి తగాదా ఒక దారిన, కాగితం ఒక దారిన పోవాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు ఆర్.టి.ఓ.కు తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. ఫారం 29, ఫారం 30 అందుకే. మన సరిహద్దు ఊళ్ళకు ఇంకో చిక్కుంది. తిరుత్తణికో చెన్నైకో అమ్మితే ఫారం 28తో ఎన్.ఓ.సి. తీసుకోవాలి, గడువు 45 రోజులు. బ్యాంకు అప్పు తీరిన బండి అయితే ఫారం 35తో ఆర్.సి. మీద బ్యాంకు పేరు తీయించిన తర్వాతే ఇది ముందుకు కదులుతుంది. బండి అప్పగించిన తేదీ, గంట, మీటరు రీడింగు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆ గంట తర్వాత వచ్చే చలానాలు ఎవరివో దానితో తేలుతుంది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో కొన్నాయన పేరుకు మార్చుకోమని చెప్పాలి. మార్చుకోకపోతే ఎదుటివారికి జరిగిన నష్టానికి కవర్ ఉంటుంది కానీ, ఆయన సొంత బండి దెబ్బకు రాదు. నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో పోదు, అమ్మినాయనకే మిగులుతుంది. ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే తర్వాతి కారుకు పనికొస్తుంది.