పెద్దప్రేగు క్యాన్సరు – రక్తములోని ఆనవాళ్లు

పెద్దప్రేగున పుట్టు క్యాన్సరు తొలిదశలో తరచుగా ఏ బాధయు కలిగింపదు. అది ప్రేగు లోపలి పొరపై చిన్న బుడిపెగా మొదలయి, క్యాన్సరుగా మారుటకు సామాన్యముగా పదేండ్లు గాని, అంతకు మించి గాని పట్టును. ఇంత గడువున్నను, పరీక్షకు జంకి వ్యాధి ముదిరిన పిమ్మట వైద్యుని కడకు పోవువారు పెక్కుమంది. చేతినుండి తీసిన కొంచెము రక్తముతో ఈ వ్యాధి జాడ తెలియునా? ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పుచున్న సమాధానమును ఇచ్చట వివరింతుము.

మన దేహకణములలో డి.ఎన్.ఏ. యను పదార్థము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. వానిలో నొకటి సైటోసిన్. దానికి మిథైల్ అను చిన్న రసాయన సమూహము చేరుటయే మిథైలేషన్. దీనివలన గ్రంథమున ఒక్క అక్షరమును మారదు. కాని జన్యువు ఆరంభభాగమున ఇట్టి గుర్తులు దట్టముగా పడినచో, ఆ పుటను చదువకుండ అంటించివేసినట్లగును. క్యాన్సరు కణములలో ఈ గుర్తులు తారుమారగును. ప్రేగు క్యాన్సరునందు కొన్ని జన్యువులపై ఇవి తగ్గియున్నవని 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ ప్రకటించిరి. మరికొన్నిటిపై అవి పెరుగునని పిమ్మట తేలినది. సెప్టిన్-9 అను జన్యువు అట్టిది.

చనిపోయిన కణముల డి.ఎన్.ఏ. తునకలు రక్తమున కలియును. మానవరక్తమున ఇట్టి తునకలు కలవని 1948లోనే ఫ్రాన్సు దేశమున మాండెల్, మెటే అనువారు తెలిపిరి. పరీక్షకై రక్తకణములను వేరుచేసి, మిగిలిన ప్లాస్మానుండి ఈ తునకలను గ్రహింతురు. వానిని బైసల్ఫైటుతో కలిపినచో, మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారును. మిథైల్ గలది మారదు. ఆ భేదమే వ్యాధి జాడను పట్టియిచ్చును.

సెప్టిన్-9 పరీక్షకు 2016లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ అనుమతి నొసగెను. మిథైలేషన్‌తోపాటు ఇతర లక్షణములను గూడ లెక్కించు షీల్డ్ అను పరీక్షకు, 45 ఏండ్లు నిండినవారి కొరకు, 2024లో అనుమతి లభించెను. ఆ యేడే వెలువడిన పరిశోధనలో ఈ రెండవ పరీక్ష క్యాన్సరు గలవారిలో నూటికి సుమారు 83 మందిని పట్టినది. కాని క్యాన్సరుగా మారదగిన పెద్ద బుడిపెలు గలవారిలో నూటికి 13 మందినే పట్టగలిగెను. వ్యాధి లేనివారిలోను నూటికి పదిమందికి ఉన్నట్లు చూపెను.

అసలు కీలక మిచ్చటనే యున్నది. బుడిపెను ముందుగనే తీసివేసినచో క్యాన్సరు రాకుండనే ఆపవచ్చును. కొలనోస్కోపీలో, అనగా గొట్టముతో ప్రేగును లోపలినుండి చూచు పరీక్షలో, బుడిపె కనబడుటయు, దానిని తీసివేయుటయు ఒకేసారి జరుగగలవు. రక్తపరీక్ష కా శక్తి లేదు. అందులో అనుమానము తోచినచో కొలనోస్కోపీ తప్పదు. తోచనంత మాత్రమున నిశ్చింత తగదు. అయినను, ఏ పరీక్షకును ఒప్పుకొననివారికి ఇది మేలే.

మలములో రక్తము పడినచో మూలశంకయని ఊరకుండుట మన ఇండ్లలో సాధారణము. రక్తము పడినను, విరేచనపు అలవాటు మారి నిలిచినను, కారణము లేక బరువు తగ్గినను, పాండురోగము కనబడినను వెంటనే వైద్యుని చూడవలెను. విద్యార్థులు ఈ మాటను ఇంటి పెద్దలకు సంకోచింపక చెప్పవలెనని మా కోరిక.