పాఠం చెవికెక్కాలంటే

బడిలో పిల్లలు రోజులో ఎక్కువసేపు చేసే పని వినడమే. చదవడానికీ రాయడానికీ పీరియడ్లున్నాయి కానీ, ఎలా వినాలో నేర్పే పీరియడు ఉండదు. ఆ లోటు ఇంట్లో తీర్చుకోవచ్చు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలున్న ఇళ్ళకు పనికొచ్చే చిట్కాలివి.

1. చదవడం వచ్చేసింది కదా అని చదివి వినిపించడం మానేయకండి. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. చదివింది అర్థం కావాలంటే పిల్లలు అక్షరాలను కూడబలుక్కోగలగాలి, అవే మాటలు ఎవరైనా చెప్తే విని అర్థం చేసుకోనూ గలగాలి. ఈ రెంటినీ వాళ్ళు కూడలేదు, గుణించారు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మన ఊళ్ళలో ఇంగ్లీషు మీడియం పిల్లలను చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. పేజీ గడగడా చదివేస్తారు, అందులో ఏముందని అడిగితే బిక్కమొహం వేస్తారు. ఆ బిడ్డకు కావలసింది ఇంకో ట్యూషన్ కాదు. పాఠంలోని సంగతి ముందు ఇంట్లో తెలుగులో మాట్లాడుకోండి. తర్వాత ఇంగ్లీషు పాఠం నెమ్మదిగా చదివి వినిపించండి. ఆ తర్వాతే వాళ్ళ చేత చదివించండి. కథల పుస్తకమైతే వాళ్ళ తరగతికి కాస్త పై స్థాయిదే తీసుకోండి. సొంతంగా చదవలేని పుస్తకం కూడా వింటే చాలావరకు అర్థమవుతుంది. పడుకునే ముందు పావుగంట చాలు.

2. వినిపించే ముందు ఒక ప్రశ్న చేతికివ్వండి. పంచతంత్రంలో సింహం, కుందేలు కథ చెప్పబోతుంటే "కుందేలు కావాలనే ఎందుకు ఆలస్యంగా వెళ్ళిందో చూడు" అనండి. ఒక్క ప్రశ్నే. నాలుగైదు ఇస్తే కథ వదిలేసి జవాబుల వెంట పడతారు.

3. విన్నది తిరిగి చెప్పించండి. ఈ జాబితాలో ఒక్క చిట్కాయే పాటించే తీరిక ఉంటే ఇదే పాటించమంటాను. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. ఆ ప్రయోగం చదివిన పాఠం మీద జరిగినా, విన్న పాఠానికీ ఈ పద్ధతి బాగా నప్పుతుంది. బడి నుంచి రాగానే "ఇవాళ ఏం చెప్పారు?" అంటే "ఏమో" అనే జవాబే వస్తుంది. "సైన్సు టీచరు బోర్డు మీద ఏం బొమ్మ వేశారు? దాని గురించి ఏమన్నారు?" అని అడగండి. చెప్తున్నప్పుడు మధ్యలో తప్పులు దిద్దకండి. "ఊఁ, ఆ తర్వాత?" అంటే చాలు. దిద్దేది ఆఖర్న దిద్దుకోవచ్చు.

చదువు రాని అమ్మమ్మో తాతయ్యో ఇంట్లో ఉంటే మరీ మంచిది. పాఠం వాళ్ళకు చెప్పమనండి. వాళ్ళు అమాయకంగా అడిగే "అంటే ఏంట్రా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లవాడికి పాఠం నిజంగా అర్థమై ఉండాలి. తల్లిదండ్రులకు చదువు లేకపోతే పిల్లల చదువుకు సాయపడలేరనడం నేను ఒప్పుకోను. శ్రద్ధగా వినడానికి అక్షరాలు అక్కర్లేదు.

4. ఎక్కాలు వల్లె వేయించండి, కానీ వరస తప్పించి అడగండి. ఎప్పుడూ మొదటినుంచే చెప్పడం అలవాటైతే "ఏడెనిమిదులు?" అని అడిగినప్పుడు ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి ఎక్కి రావాలి. వేద పాఠశాలల్లో జట పాఠం చెప్పేటప్పుడు రెండేసి పదాలను ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు చెప్పిస్తారు. వరస మారినా మాట తప్పిపోకుండా ఉండేందుకు అది ఎంతో పాత పద్ధతి.

5. పద్యం నేర్పేటప్పుడు పుస్తకం మూసేయండి. మీరు ఒక పాదం చెప్పండి, వాళ్ళు అనాలి. సుమతీ శతకంలోవన్నీ కంద పద్యాలు. కందంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉంటుంది, అదే ప్రాస. పిల్లవాడు మూడో పాదం దగ్గర ఆగిపోతే మాట అందించకండి, "రెండో అక్షరం ఏ హల్లు?" అని అడగండి. చాలాసార్లు పాదం దానంతటదే వచ్చేస్తుంది. వేమన ఆటవెలదులకు ప్రాస నియమం లేదు, అక్కడ ఈ ఉపాయం పారదు.

6. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు మాట మాట విడదీసి చెప్పకండి. చిన్న వాక్యం మొత్తం ఒకసారి చెప్పి ఆగండి. దాన్ని మనసులో పట్టుకుని రాయడంలోనే ఉంది సాధన. కల, కళ, పటం, పట్టం, పడి, పాడి లాంటి జంటలు వాక్యాల్లో కలపండి. ల, ళ తేడా చెవికి తెలియనివాళ్ళకు ఎన్ని కాపీలు రాయించినా చేతికి రాదు.

7. సెలవుల్లో ఇంట్లో చిన్న అవధానం పెట్టండి. అష్టావధానంలో అవధాని ఒకవైపు పద్యపాదాలు చెప్తూనే, మధ్యమధ్యలో మోగే గంటల లెక్క కూడా పెట్టుకుంటారు, అప్రస్తుత ప్రసంగానికీ జవాబిస్తారు. పిల్లలకు పద్యాలు అక్కర్లేదు. అక్క ప్రశ్నలడుగుతుంటే తమ్ముడు జవాబులు చెప్పాలి. నాన్న అప్పుడప్పుడు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుండాలి. ఆట అయ్యాక ఎన్ని దెబ్బలో చెప్పాలి, అడిగిన ప్రశ్నలన్నీ వరసగా అప్పజెప్పాలి.

8. చదివి వినిపించేటప్పుడు టీవీ కట్టేయండి. చప్పుడులో సగం వినబడిన వాక్యాన్ని పెద్దవాళ్ళు ఊహించి పూరించుకోగలరు, పిల్లలకు అంత పదసంపద ఉండదు. ఫోనులో పాఠాలు వింటే ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి స్పీకరులో పెట్టండి. ఇయర్‌ఫోన్లు తప్పనిసరైతే ధ్వని తగ్గించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, అదీ 75 డెసిబెల్స్ దగ్గర. పాఠాన్ని పది నిమిషాలకోసారి ఆపి మూడో చిట్కా పాటించండి.

9. చూపు లేని పిల్లలకు, అక్షరాలు కుదురుగా పట్టుబడని డిస్లెక్సియా పిల్లలకు వినే పుస్తకం చదువే, అడ్డదారి కాదు. ఇలా అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసమే కేంద్ర ప్రభుత్వం 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలుపెట్టింది. అర్హత ఉన్న పిల్లలను అందులో సభ్యులుగా చేర్పించండి.

10. "ఎన్నిసార్లు చెప్పినా వినడు" అని విసుక్కునే ముందు చెవులు పరీక్ష చేయించండి. మాటిమాటికీ "ఆఁ?" అనడం, టీవీ దగ్గరికి జరగడం, పిలిస్తే వేరే వైపు చూడడం, జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు, చీము కారడం గమనించదగ్గ గుర్తులు. పిల్లల్లో వినికిడి లోపాలకు 60 శాతం దాకా నివారించగల కారణాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చెవిలో కాచిన నూనె పోయడం, పిన్నీసుతో గులిమి తీయడం మానండి. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వస్తాయి, వాళ్ళు చూసే లోపాల్లో వినికిడీ ఉంది. బృందం వచ్చే రోజు బడి మానిపించకండి. పరీక్ష అయ్యేదాకా వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి మార్చమని టీచరును అడగండి.