వాహనం – ఔచిత్యం

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దానికి చెందిన క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఏది ఎక్కడ తగునో అది అక్కడ ఉండడమే ఔచిత్యం. ఈ సూత్రం కావ్యాలకే గాక నిత్యజీవితంలో మనం వాడే వస్తువులకూ వర్తిస్తుంది. మన రహదారులపై పేరెన్నికగన్న రెండు వాహనాలను పోల్చి చూస్తే ఈ సత్యం బోధపడుతుంది.

మొదటిది మారుతి 800. 1983 డిసెంబరులో వచ్చిన ఈ కారు ఎన్నో మధ్యతరగతి కుటుంబాల కలను పండించింది. మూడు సిలిండర్లు గల 796 సీసీ ఇంజను, సుమారు 3.3 మీటర్ల పొడవు, దాదాపు 650 కిలోల బరువు దీని స్వరూపం. ఇంజను శక్తి ముందు చక్రాలకు మాత్రమే అందుతుంది. ఇరుకు సందులలో అవలీలగా మలుపు తిరగడం, కొద్దిపాటి పెట్రోలుతో ఎక్కువ దూరం పోవడం దీని సుగుణాలు. 2014లో దీని ఉత్పత్తి నిలిచిపోయింది.

రెండవది 1998లో వచ్చిన టాటా సఫారి. నాటి సఫారి పొడవు 4.6 మీటర్లకు పైమాటే. బరువు రెండు టన్నులకు చేరువ. వీటిలో నాలుగు చక్రాలకూ శక్తినందించగల రకం విశిష్టమైనది. మామూలు రోడ్డుపై వెనుక చక్రాలే దానిని నడుపుతాయి. బురదలోనో ఇసుకలోనో పట్టు తప్పినప్పుడు డ్రైవరు ముందు చక్రాలకు కూడా శక్తిని జతచేస్తాడు. అందువల్ల చిన్న కారు కూరుకుపోయే చోట కూడా అది ముందుకు సాగగలదు.

అయితే ఇక్కడ ఒక భ్రమకు తావుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందడం బండిని కదిలించడానికే గాని ఆపడానికి కాదు. బ్రేకు వేసినప్పుడు ఏ కారునైనా ఆపేది టైర్లకు, రోడ్డుకు మధ్య గల పట్టే. తడిరోడ్డు మీద ఆ పట్టు అన్ని బండ్లకూ తగ్గుతుంది. పైగా ఒకే వేగంతో పోతున్నప్పుడు మూడు రెట్లు బరువైన బండికి గతిజశక్తి కూడా మూడు రెట్లుంటుంది. వేగం రెట్టింపయితే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ రెండూ ఢీకొంటే ఎయిర్‌బ్యాగులు లేని పాత చిన్న కారులోని వారికే ముప్పు ఎక్కువ. కనుక పెద్ద బండి నడిపేవాడు తన ప్రాణానికే గాక ఎదుటివాని ప్రాణానికీ బాధ్యుడు.

అడవిలోని బురద దారిలో చిన్న కారు నిస్సహాయమవుతుంది. ఆడంబరం కోసం కొన్న పెద్ద బండి ఇరుకు వీధిలో భారమవుతుంది. దారిని బట్టి బండిని, బండిని బట్టి వేగాన్ని ఎంచుకోవడమే విజ్ఞత. అదే వాహనానికి ఔచిత్యం.