ముసలితనమా? మన అశ్రద్ధయా?

మన నార్పోలిలో సాంచాల చప్పుడు వినబడని వాడ లేదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి వచ్చి, మరమగ్గములపై ఆయుష్షు గడపిన తాతలు, అవ్వలు మన యిండ్లలో నున్నారు. వారు గోడ పట్టుకొని నడచినను, పలుకరించిన బదులీయకున్నను “ముసలితనము, ఏమి చేయగలము?” అని మనము సరిపెట్టుకొందుము. ఈ మాట ఎంతవరకు నిజము?

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు జరిపిన పరిశోధన దీనికి చక్కని సమాధానము చెప్పుచున్నది. ఆసుపత్రికి రాలేని వృద్ధుల కొరకు వారే 41 వృద్ధాశ్రమములకు వెళ్లి, 60 ఏండ్లు నిండిన 1182 మందిని పరీక్షించిరి. మంచి చూపు గలవారు 18 మీటర్ల నుండి గుర్తించు అక్షరమును 6 మీటర్ల నుండియైనను గుర్తింపలేనివారిని చూపు తగ్గినవారుగా లెక్కించిరి. అట్టివారు నూటికి 30 మంది తేలిరి.

కారణములు మరింత ఆలోచింపదగినవి. చూపు తగ్గినవారిలో సుమారు సగము మందికి శుక్లములు; నాలుగవ వంతుకు పైగా సరియైన కండ్లజోడు లేకపోవుట; కొందరికి పూర్వము శస్త్రచికిత్స జరిగిన కంటిలోనే మరల పొర యేర్పడుట. అనగా నూటికి 80 మందికి పైగా బాగుపడదగినవారే! వారి లోపము వయస్సు కాదు. అడిగి చూచినవారు లేకపోవుటయే.

చూపు మందగించినవాడు పడిపోవుదునని భయపడును, భయముచే కదలడు, కదలక ఒంటరియై క్రుంగును. కావుననే ఆ పరిశోధకులు వినికిడిని, పడుదునను భయమును, మనోవ్యథను గూడ విచారించిరి.

మన మేమి చేయవలెను? ఒక కన్ను మూయించి, రెండవ కంటితో గోడమీది క్యాలెండరు అంకెలను చదివింపుడు. పిదప రెండవ కంటిని పరీక్షింపుడు. తేడా కనబడిన వైద్యునియొద్దకు తోడ్కొని పొండు. తేడా లేకున్నను ఏటేట కంటి పరీక్ష మేలు. ఏండ్ల తరబడి సాంచాల హోరు విన్న చెవులు మందగించును. కావున అరవక, ఎదుట కూర్చుండి, మెల్లగా స్పష్టముగా మాటలాడుడు.

సేవకు దయ చాలదు. ముందు పరిశీలన కావలెను.

ప్రశ్నలు
1. పరిశోధకులు వృద్ధాశ్రమములకే యేల వెళ్లిరి?
2. చూపు తగ్గుటకు వారు కనుగొన్న మూడు కారణము లెవ్వి?
3. మీ యింటి పెద్దలు కడపట కంటి పరీక్ష చేయించుకొన్న దెప్పుడు? అడిగి వ్రాయుడు.