ఛాయాచిత్రములు మసకబాఱుట – కారణము, నివారణము

గత వార్షికోత్సవమున తీసిన మన పాఠశాల బృందచిత్రమును ఈ సంచికకై సిద్ధపఱచు పని మాకు అప్పగింపబడెను. మేము ఒకనాడు అంచులు కత్తిరించితిమి. మఱునాడు వెలుతురు హెచ్చించితిమి. పిమ్మట ఫోనులో పంపుటకై చిత్రమును చిన్నది చేసితిమి. తుదకు అచ్చునకై మఱల పెద్దది చేసితిమి. స్థలము మిగులునని ప్రతిసారియు నాణ్యతను తగ్గించి, పాత పేరుతోనే భద్రపఱచితిమి. కడపట చూడగా వెనుక వరుసలోని ముఖములు గడులు గడులుగా చెదరి, పోల్చుకొనుటకు వీలు లేకపోయెను. ఆ వరుసలో నిలిచిన వృద్ధోపాధ్యాయులు ఈ వేసవిలో గతించిరి. మూలప్రతి వేఱొకచోట లేదు. తప్పు యంత్రమునది కాదు, మాదియే.

విద్యార్థులారా! ఇట్లేల జరిగెనో తెలిసికొందము. డిజిటల్ చిత్రము పిక్సెలులను చుక్కల సమూహము. అడ్డముగా 4,000, నిలువుగా 3,000 చుక్కలున్నచో మొత్తము 1 కోటి 20 లక్షలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున 3 కోట్ల 60 లక్షల బైట్లగును. ఇంత భారమును తగ్గించుటకు జేపెగ్ అను పద్ధతి 1992లో ప్రమాణముగా స్థిరపడెను. దీనికి ఆధారమైన గణితమును బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మద్, నటరాజన్, రావు అనువారలతో కలిసి 1974లో ప్రకటించెను. ఈ పద్ధతి చిత్రమును 64 చుక్కల గడులుగా విభజించి, కంటికి అంతగా తోచని సూక్ష్మభేదములను సుమారు సంఖ్యలుగా మార్చును.

ఒక లెక్క చూడుడు. 347ను సమీపమైన పదికి సరిచేసిన 350. దానిని మఱల సమీపమైన నూఱునకు సరిచేసిన 400. కాని 347ను నేరుగా నూఱునకు సరిచేసిన 300 మాత్రమే. 400ను చూచి 347ను ఎవరును కనుగొనజాలరు. అట్లే అంచులు కత్తిరించిన గడులు కదలును, వెలుతురు మార్చిన సంఖ్యలు మాఱును. భద్రపఱచిన ప్రతిసారియు నష్టముపై నష్టము చేరును. ఊరక తెఱచి చూచుటవలనను, ఫైలును నకలు తీయుటవలనను ఏ నష్టమును లేదు.

కావున ఈ నియమములను పాటింపవలెను. మొదటిది: మూలప్రతిని ముట్టక, నకలుపైననే పనిచేయవలెను. రెండవది: పని ముగియువఱకు నష్టము లేని పి.ఎన్.జి. రూపమున భద్రపఱచి, తుదకు ఒక్కసారి మాత్రమే హెచ్చు నాణ్యతతో జేపెగ్‌గా మార్చవలెను. చెడిన జేపెగ్‌ను పి.ఎన్.జి.గా మార్చినను పోయినది తిరిగి రాదు. మూడవది: చుక్కల సంఖ్యను గమనింపవలెను. అంగుళమునకు 300 చుక్కల లెక్కను 6 అంగుళముల వెడల్పునకు 1,800 చుక్కలు కావలెను. చిన్నది చేసి పెంచినచో క్రొత్త వివరము పుట్టదు. నాలుగవది: ఫోనులో సందేశముగా పంపిన ఫోటో తఱచుగా కుదింపబడును; డాక్యుమెంటుగా పంపుట మేలు.

తల్లిదండ్రులారా! మీ పెద్దల చిత్రములకును ఈ నియమములే వర్తించును. ఈ సంచికలోని బృందచిత్రమున వెనుక వరుసవారి పేర్లు మాత్రమే స్పష్టముగా నున్నవి. అందుకు మమ్ము క్షమింప వేడుచున్నాము.