న్యాయసమీక్ష: కర్నూలు బస్సు రూట్ల పాఠం

సోమందేపల్లిలో గ్రూప్స్‌కు చదివేవారు న్యాయసమీక్షకు ఉదాహరణను ముందు మన సీమలోనే వెతుక్కోవాలి. 1960ల తొలినాళ్లలో కర్నూలు జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసే పథకాలు వచ్చాయి. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజకీయ కక్షతో రూట్లను ఎంపిక చేయించారని ప్రైవేటు బస్సుల యజమానులు ఆరోపించారు. ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదు. సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా పరిగణించి, సి.ఎస్. రౌజీ కేసులో 1964లో ఆ పథకాలను కొట్టేసింది. తప్పుపట్టింది చట్టాన్ని కాదు, దాన్ని వాడడంలోని దురుద్దేశాన్ని. ఈ తేడా చాలా ముఖ్యం. సంజీవరెడ్డి రాజీనామా చేశారు; అది గౌరవించదగ్గ నిర్ణయం. 1967లో మన హిందూపురం నుంచే లోక్‌సభకు గెలిచి స్పీకరయ్యారు.

చట్టాన్నే కొట్టేసే అధికారానికి ప్రసిద్ధ మూలం అమెరికాలోని మార్బరీ-మాడిసన్ కేసు (1803). 1789 జ్యుడీషియరీ చట్టం 13వ సెక్షన్‌లోని ఒక భాగం చెల్లదని అక్కడి ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పిచ్చారు. అక్కడ ఫెడరల్, రాష్ట్ర కోర్టులు వేర్వేరు. మనకు పెనుకొండ కోర్టు నుంచి అమరావతి హైకోర్టు మీదుగా ఢిల్లీ దాకా ఒకే వ్యవస్థ. సుప్రీంకోర్టుకు ముందు, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడ్డ మన ఫెడరల్ కోర్టు 1937 అక్టోబరు 1న మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్. 1950లో దాని స్థానంలో సుప్రీంకోర్టు వచ్చింది.

మన రాజ్యాంగంలో న్యాయసమీక్షకు ఆధారమైన అధికరణలు: 13, 32, 226. సాంబమూర్తి కేసు (1987) కూడా మనదే: ట్రిబ్యునల్ ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేయగల 371-డి(5) నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది.